పేరు అడగొద్దు అల్లుడూ, కాపలా మాత్రం మానొద్దు

అల్లుడూ,

నీ మెసేజ్ నిదానంగా చదివాను. ఊరూ పేరూ అడక్కుండా, ఎవరైనా వచ్చి మనసులో మాట చెప్పుకునే ఆన్‌లైన్ చోటు ఈ రోజుల్లో నిలబడుతుందా అని అడిగావు. జవాబు ముందే చెప్పేస్తా. అందరికీ తలుపులు తెరిచిపెట్టి, లక్షల మందిని పోగేసి, దాని మీద డబ్బు చేసుకోవాలంటే నిలబడదు. అనంతపురం కాలేజీల్లో, హాస్టళ్ళలో చదివే పిల్లలు బయట ఎక్కడా అనలేని మాటలు అనుకునే చోటు కావాలంటే నిలబడుతుంది. కాకపోతే లోపల మాట్లాడేవాళ్ళు ఎవరో ఎవరికీ తెలియకపోయినా, దాన్ని నడిపేవాళ్ళు ఎవరో ఊరందరికీ తెలిసి ఉండాలి. మీరు ముగ్గురూ కూడా పేర్లు దాచుకుంటామని రాశావు చూడు, నాకు ఒప్పుకోబుద్ధి కానిది అదొక్కటే.

అసలు ఇలాంటిది ఎందుకు కావాలో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. రిటైరయ్యాక ప్రైవేటు స్కూలు టీచర్ల కోసం నేను నడుపుతున్న టెలిగ్రామ్ గ్రూపు నీకు తెలుసు కదా. వాళ్ళు నాకు విడిగా రాస్తారు, నేను పేరు తీసేసి గ్రూపులో పెడతాను. ఎండాకాలం జీతం ఎగ్గొట్టారని, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకుని ఉద్యోగం మానేస్తానంటే ఇవ్వట్లేదని, ఇలాంటివి వాట్సాప్ గ్రూపులో ఎవరు రాస్తారు? అక్కడ నంబరు అందరికీ కనిపిస్తుంది, సాయంత్రానికల్లా స్క్రీన్‌షాట్ కరస్పాండెంట్ టేబుల్ మీద ఉంటుంది. మన జిల్లాల్లో ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది, ఊరు చెబితే ఎవరి మనిషో తెలిసిపోతుంది, ఆ తర్వాత నువ్వు చెప్పిన మాట ఎవరూ వినరు, చెప్పింది ఎవరనేదే చూస్తారు. పేరు లేకపోతే కనీసం మాట వింటారు. అందుకే పేరు దాచుకునేవాడు పిరికివాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆకాశరామన్న ఉత్తరాలు మనకు కొత్తేమీ కాదు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి బాగా తెలుసు, వాటిలో సగం పగతో రాసినవి, సగం నిజాలు, ఏది ఏదో తేల్చడమే కష్టం. సర్కారు ఆఫీసుల్లో అవినీతిని చూసే కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని సర్క్యులర్ ఇచ్చింది. కానీ పేరు పెట్టి రాస్తే ఏమవుతుందో 2003లో చూశాం. జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే, నా పేరు బయటపెట్టొద్దని కోరినా, ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. ఆ ఏడాది నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత 2004లో ప్రభుత్వం ఒక తీర్మానం తెచ్చింది: ఫిర్యాదు చేసేవాడు కవరు మీద పేరు రాయకూడదు, లోపల ఉత్తరంలో రాయాలి, కమిషన్ దాన్ని బయటికి పొక్కనివ్వకూడదు. నేను దీన్ని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పేరు దాస్తామని మాట ఇవ్వడం తేలిక, ఆ మాట నిలబెట్టుకునే ఏర్పాటు లేకపోతే దానికి మనిషి బలైపోతాడు.

ఇక నువ్వు అన్న యాప్‌ల సంగతి. సీక్రెట్ అని ఒకటి 2014లో అమెరికాలో మొదలైంది, పెట్టుబడి కోట్ల డాలర్లలో వచ్చింది, 2015లోనే మూసేశారు. యిక్ యాక్ అయితే అచ్చం నీ ఆలోచనే. 2013లో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు మొదలుపెట్టారు, చుట్టుపక్కల కొన్ని మైళ్ళలో ఉన్నవాళ్ళ పోస్టులే కనిపిస్తాయి, పేరు లేదు, ఏమీ లేదు. కాలేజీలన్నీ ఊగిపోయాయి. ఆ తర్వాత హైస్కూలు పిల్లల మీద ఏడిపింపులు, బాంబు పెడతామని బెదిరింపులు వచ్చాయి. చివరికి 2016లో మారుపేరు తప్పనిసరి అన్నారు, దాంతో ఉన్నవాళ్ళూ కోపం తెచ్చుకుని పోయారు, 2017లో మూతపడింది. తర్వాత మళ్ళీ తెరిచారు, అది వేరే కథ. నువ్వు ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మారుపేరు పెట్టమనడం తప్పు కాదు, ఏ పేరూ అక్కర్లేదని పిలిచి, జనం చేరాక మధ్యలో మాట మార్చడం తప్పు. నువ్వు పెట్టాలనుకున్న కట్టుబాటు ఏదైనా సరే మొదటి రోజే పెట్టు.

ఆ యాప్‌లో ఇంకో పద్ధతి ఉండేది, ఒక పోస్టుకు మైనస్ ఐదు ఓట్లు పడితే అదే మాయమయ్యేది. మీరూ అలాగే జనం ఓట్లకే వదిలేద్దామని రాశారు. బూతులకు ఇది పనికొస్తుంది, అబద్ధాలకు పనికిరాదు. ఫలానా హాస్టల్ అమ్మాయి ఫలానావాడితో తిరుగుతోందని ఎవడో రాశాడనుకో, దానికి మైనస్ ఓట్లు పడతాయనుకుంటున్నావా? రుచిగా ఉంది కాబట్టి పైకి పోతుంది. ఆ అమ్మాయి పేరు లేకుండా మాట్లాడే హక్కు గురించి మనం ఉపన్యాసాలు చెప్పుకుంటూ ఉంటాం, ఆమె మాత్రం పేరుతో సహా దొరికిపోతుంది. అందుకని మొదటి నియమం ఇలా ఉండనీ: రాసేవాడి పేరు అక్కర్లేదు, రాతలో కూడా మామూలు మనుషుల పేరు, ఫొటో, ఫోన్ నంబరు, బండి నంబరు ఏదీ ఉండకూడదు. మంత్రి గురించో, వైస్ ఛాన్సలర్ గురించో వాళ్ళ పదవికి సంబంధించిన మాటైతే రాసుకోవచ్చు. తోటి విద్యార్థి గురించి ఒక్క అక్షరం కూడా వద్దు. ఫొటోలు అసలు పెట్టనివ్వొద్దు, ఇప్పుడు ఎవరి ముఖాన్నైనా ఎక్కడైనా అతికించే ఏఐ టూళ్ళు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి.

ఎవరైనా ఏదైనా రాసుకునే ఫోర్‌చాన్ అనే వెబ్‌సైటు 2003 నుంచి పేర్లు లేకుండానే నడుస్తోంది కదా అంటావేమో. నిజమే, నడుస్తోంది. దాన్ని పెట్టిన కుర్రాడు 2015లో వదిలించుకున్నాడు, దాన్ని కొన్నది 1999లో జపాన్ వాళ్ళ కోసం అలాంటిదే పెట్టిన ఆయన. కానీ అక్కడికి నీ చెల్లెల్ని పంపుతావా చెప్పు. నిలబడటం వేరు, నలుగురికి పనికొచ్చేలా నిలబడటం వేరు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఒకటుంది, దాన్ని మీరు లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించలేదు. ఇరవై ఏళ్ళ కింద పేరు లేని పోస్టు చూస్తే, ఎవరో తెలియకపోయినా ఒక మనిషి కూర్చుని టైప్ చేశాడని నమ్మకం ఉండేది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ నమ్మకం పోయింది. ఒక్కడు కూర్చుని వంద మందిలా మాట్లాడగలడు, తెలుగులో కూడా. కాలేజీ ఎన్నికలు గానీ, ఫీజుల గొడవ గానీ వచ్చినప్పుడు ఒకే మనిషి రెండు వైపులా నిప్పు పెట్టి చూస్తూ కూర్చోవచ్చు. కాబట్టి తలుపు దగ్గర ఒక పని చెయ్యాలి: వచ్చేది మనిషే, మన కాలేజీ మనిషే, ఒక్కసారే వస్తున్నాడు అని తేలాలి, ఎవరన్నది మాత్రం తేలకూడదు.

అది ఎలా అంటే, పోలింగ్ బూత్‌లో జరిగినట్టే. అక్కడ నీ పేరు చూస్తారు, వేలికి సిరా పెడతారు, ఎవరికి వేశావో చూడరు. నువ్వూ అట్లే చెయ్యి. ఒక్కసారే పనిచేసే కోడ్‌లు చిన్న చీటీల మీద ప్రింట్ చేసి, మడిచి, డబ్బాలో కలిపెయ్. హాస్టల్ మెస్ దగ్గరో, లైబ్రరీ బయటో కూర్చుని ఐడీ కార్డు చూసి, జాబితాలో టిక్ కొట్టి, డబ్బాలోంచి వాళ్ళ చేత్తోనే ఒక చీటీ తీసుకోమను. ఎవరికి ఏ కోడ్ పోయిందో నీకూ తెలియదు. ఆ కోడ్‌తో లోపలికి వచ్చి వాళ్ళకు నచ్చిన మారుపేరు పెట్టుకుంటారు, అదే పేరుతో ఏడాదంతా ఉంటారు. మారుపేరుకే మర్యాద వస్తుంది, మారుపేరుకే చెడ్డపేరు వస్తుంది. ఫోన్ నంబరు, ఓటీపీ వద్దు. సిమ్ కార్డు వెనకాల ఆధారో, ఇంకో గుర్తింపు కార్డో ఉంటుంది, నంబరు తీసుకున్నావంటే పేరు తీసుకున్నట్టే.

కొరియాలో ఉద్యోగులు మాట్లాడుకునే బ్లైండ్ అనే యాప్ 2013లో మొదలైంది, ఆఫీసు ఈమెయిల్‌తో ఉద్యోగం నిజమా కాదా చూసి లోపల మారుపేరుతో వదిలేస్తుంది. ఇవాళ్టికీ నడుస్తోంది. తలుపు దగ్గర తనిఖీ, లోపల స్వేచ్ఛ, ఇది పనిచేస్తుందనడానికి నాకు కనిపించే మంచి ఉదాహరణ అదే. కానీ 2018లో వాళ్ళ సర్వర్ ఒకటి పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉండిపోయి, కొంతమంది ఈమెయిళ్ళు బయటపడ్డాయి. నీ చీటీల పద్ధతిలో ఆ బాధ తక్కువ, బయటపడటానికి నీ దగ్గర ఈమెయిళ్ళు అసలు ఉండవు కదా.

ఆధార్ అడిగేస్తే అందరూ బుద్ధిగా మాట్లాడతారని మీ నాన్న అన్నాడట. బావ మాట నాకూ అర్థమవుతుంది, కానీ ఆ పని కూడా కొరియా వాళ్ళే చేసి చూశారు. 2007లో పెద్ద సైట్లలో అసలు గుర్తింపు తప్పనిసరి చేశారు. 2011లో ఒక పెద్ద సంస్థ నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఫేస్‌బుక్‌లో చూడు, పేరు, ఫొటో, కులం తోక, పెళ్ళాం పిల్లలతో దిగిన ప్రొఫైల్ పిక్చర్ అన్నీ పెట్టుకునే తిడుతున్నారు. పేరు ఉంటే సిగ్గు ఉంటుందనేది మా తరం నమ్మకం, ఇప్పుడు అది పూర్తిగా నిజం కాదు.

ఏ మారుపేరు ఎవరిదో తెలిపే జాబితా ఏదీ నీ దగ్గర ఉండకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఫిన్లాండ్‌లో యొహాన్ హెల్సింగియస్ అనే ఆయన 1993లో పేరు దాచి మెయిళ్ళు చేరవేసే ఏర్పాటు పెట్టాడు, మంచి మనిషి, డబ్బు కోసం కాదు. ఎవరి అసలు అడ్రసు ఏదో ఆయన కంప్యూటర్లో ఉండేది. ఒక మత సంస్థ కేసు పెడితే పోలీసులకు ఒకరి అడ్రసు ఇవ్వాల్సి వచ్చింది, 1996లో మొత్తం మూసేశాడు. మనసు మంచిదైతే సరిపోదప్పా, కాగితం నీ దగ్గర ఉంటే అడిగేవాళ్ళు వస్తారు. నా గ్రూపులో ఒక టీచర్ రాసిన దాని గురించి ఒక యాజమాన్యం మనిషి ఇంటికే వచ్చి కూర్చున్నాడు, కాఫీ తాగుతూ ఎవరు సార్ అని అడిగాడు. ఆ మెసేజ్ గ్రూపులో పెట్టిన వెంటనే నా ఫోన్లోంచి తీసేశానని చూపించాను, లేచి వెళ్ళిపోయాడు.

అలాగని చట్టం నీకు వర్తించదనుకోవద్దు. జనం రాసిన దానికి నడిపేవాడి మీద కేసు రాకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ కాపాడుతుంది, కానీ షరతులు పాటిస్తేనే. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, కాంటాక్ట్ బయటికి ప్రకటించాలి. నడిపేవాళ్ళ పేర్లు దాచొద్దని నేను అనడానికి ఇదీ ఒక కారణం. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సర్వర్ లాగ్‌లు, అంటే ఎప్పుడు ఏ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే రికార్డులు, 180 రోజులు ఉంచాలని ఉంది. అంటే పూర్తిగా అజ్ఞాతం అని నువ్వు బోర్డు పెడితే అది అబద్ధం అవుతుంది. పక్కవాళ్ళకు, కాలేజీకి, ఇంట్లోవాళ్ళకు తెలియదు, కోర్టు కాగితంతో పోలీసులు వస్తే మా దగ్గర ఉన్నది ఇస్తాం, ఉన్నది ఇంతే అని మొదటి పేజీలో తెలుగులో రాయి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాట రాస్తే కేసు పెట్టే 66ఏ సెక్షన్‌ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి ఏం రాసినా చెల్లుతుందని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. పరువునష్టం అలాగే ఉంది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం అలాగే ఉంది. కులం పేరుతో తిట్టిన పోస్టు కనిపిస్తే చర్చ లేదు, తీసెయ్యి, ఆ మారుపేరును బయటికి పంపెయ్యి. మొదలైన వారంలోనే వస్తుంది చూడు.

టెక్నాలజీ ఎంత బాగున్నా మనుషులు తమ మాటలతోనే దొరికిపోతారు. మా గ్రూపులో ఒకామె, ఆదివారం కూడా స్టడీ అవర్లు పెడుతున్నారు, తాడిపత్రి చివరి బస్సు దొరకడం లేదని రాసింది. పేరు లేదు, స్కూలు పేరు లేదు. ఆ స్టాఫ్‌రూమ్‌లో తాడిపత్రి నుంచి వచ్చేది ఆమె ఒక్కతే. అప్పట్నుంచి బస్సు, ఊరు, సబ్జెక్టు, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు, ఇవన్నీ తీసేసే పెడతాను, ముందు రాసినవాళ్ళకి చూపించి. మీరు కూడా మొదటి ఆరు నెలలు పోస్టు వెంటనే కనబడకుండా పెట్టుకోండి. ఒకరు చదివి, గుర్తుపట్టే వివరాలు ఉంటే వెనక్కి పంపాలి. ఆలస్యమైతే జనం విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని విషయం చెబుతాను. పేరు లేని చోట పిల్లలు నిజం చెబుతారు, ఆ నిజాల్లో చచ్చిపోవాలనుంది అనేది కూడా ఉంటుంది. బ్యాక్‌లాగ్‌లు, ఫీజు బకాయిలు, ప్రేమ, ఇంట్లో అప్పులు. రాత్రి ఒంటిగంటకు ఎవరో ఆ మాట రాస్తే, అది ఎవరో నీకు తెలియదు, తలుపు తట్టలేవు, వార్డెన్‌కి ఫోన్ చెయ్యలేవు. పేరు అడగకూడదని మనమే పెట్టుకున్నాం కదా. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళ 14416 నంబరు ఎప్పుడూ పైనే కనబడాలి, అది రోజంతా పనిచేస్తుంది. కానీ నంబరు అతికించి ఊరుకోవడం కాదు, ఆ పోస్టు కింద వెంటనే ఒక మనిషి మాట్లాడాలి, నీ పేరు వద్దు, ఇక్కడే ఉన్నాను, చెప్పు అని. ఆ మనిషి మేలుకుని ఉండాలి. ఆ టైములో వెటకారం చేసేవాళ్ళని ఆపాలి. దీనికి మనిషి లేకపోతే రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా పోస్టులు ఆపేసి, ఆ నంబరు మాత్రం కనబడేలా పెట్టు.

లక్ష మంది అనే మాట ఇప్పుడు మర్చిపో. ఒక్క హాస్టల్‌తో, యాభై చీటీలతో మొదలుపెట్టు. విషయం కూడా ఒకటే పెట్టు, ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ బిల్లులు, సర్టిఫికెట్ల లాంటివి, అందరికీ అవసరమైనవి. పని ఉన్న చోట మాటలు అదుపులో ఉంటాయి, ఊరికే టైంపాస్ అని పెడితే మొదటి నెలలోనే అమ్మాయిలు వెళ్ళిపోతారు. అమ్మాయిలు వెళ్ళిపోతున్నారంటే అదే నీకు హెచ్చరిక, ఇంకే లెక్కలూ చూడక్కర్లేదు.

మొదటి పేజీలో పెట్టే మాటలు రాసి పంపు, నేను దిద్ది పంపిస్తా. సర్వర్ ఖర్చు నీ జేబులోంచి ఎన్ని నెలలు పెట్టగలవో కూడా రాయి, యాడ్స్ మాత్రం వద్దు. వాటితో పాటు ఇంకో కాగితం పంపాలి: మీ ముగ్గురిలో ఏ రోజు రాత్రి ఎవరు మేలుకుంటారో, పరీక్షలప్పుడు ఎవరు చూస్తారో. ఆ కాగితం వచ్చాకే చీటీలు ప్రింట్ చేయిద్దాం, సుభాష్ రోడ్డులో నాకు తెలిసిన ప్రింటర్ ఉన్నాడు.

మామ