16వ రోజు నెగటివ్ వచ్చింది, నమ్మొచ్చా?

కండోమ్ చిరిగి 16 రోజులైంది, 4వ జనరేషన్ హెచ్ఐవీ టెస్ట్ నెగటివ్, కానీ మధ్యలో జ్వరం వచ్చిందని నిద్ర పట్టట్లేదు అని రాశారు కదా. మీ రిపోర్ట్ తప్పని కాదండి, కానీ 16వ రోజు మరీ తొందర, దాన్ని పట్టుకుని ఇటూ అటూ ఏదీ తేల్చుకోకండి.

నేను స్టాఫ్ నర్స్‌ని. ఒకసారి హెచ్ఐవీ ఉన్న పేషెంట్‌కి బ్లడ్ తీస్తుంటే ఆయన చెయ్యి లాక్కున్నాడు, సూది గ్లౌజ్ దాటి నా వేలికి దిగింది. అలాంటి సూదిపోటుతో హెచ్ఐవీ వచ్చే ఛాన్స్ 300లో ఒకరికి అని నాకు తెలుసు, అయినా ఆ రాత్రి ఆ ఒక్కరూ నేనే అనిపించింది, కాబట్టి మీ భయం నాకు అర్థమవుతుంది. అదే రోజు నాకు పెప్ మాత్రలు, అంటే వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపడానికి ఇచ్చే మందులు, మొదలుపెట్టారు. అవి 72 గంటల లోపే మొదలెట్టాలి, 28 రోజులు వేసుకోవాలి, మీకు ఆ టైమ్ దాటిపోయింది గానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని చెప్తున్నా.

వైరస్ ఒంట్లోకి వచ్చినా మొదటి పది రోజులు దాదాపు ఏ టెస్ట్‌కీ దొరకదు. తర్వాత ముందు వైరస్ ఆర్ఎన్ఏ (దాని జన్యు పదార్థం), ఆ వెనక పీ24 యాంటిజెన్ (వైరస్‌లోని ఒక ప్రోటీన్), ఆఖర్న వైరస్ మీద మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలు కనిపిస్తాయి. 4వ జనరేషన్ పీ24నీ యాంటీబాడీలనీ రెండిటినీ చూస్తుంది, చేతి నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్ మెషీన్ మీద చేస్తే 18 నుంచి 45 రోజుల మధ్యలో పట్టుకుంటుంది. అంటే 45 రోజులు నిండాక నెగటివ్ వస్తే ఇక వదిలేయొచ్చు. వేలికి గుచ్చి కార్డు మీద చేసే టెస్ట్ అయితే 90 రోజుల దాకా ఆగాలి. ఏ టెస్ట్ చేశారో ల్యాబ్ వాళ్ళనే అడగండి. నాలాగా పెప్ వాడినవాళ్ళకి 45 రోజుల లెక్క చాలదు, నాకు 3 నెలలకి చేసిన టెస్ట్ తర్వాతే ఫైల్ క్లోజ్ చేశారు.

జ్వరం గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, లక్షణాలు చూసి హెచ్ఐవీ ఉందనీ చెప్పలేం లేదనీ చెప్పలేం. అలాగే రిపోర్ట్‌లో 0.21 లాంటి నంబర్ ఉంటే పోయినసారి 0.15 కదా పెరిగిందేమో అని లెక్కలేయొద్దు, ఎస్/సీఓ (మీ శాంపిల్ రీడింగ్‌ని కటాఫ్‌తో భాగిస్తే వచ్చే నంబర్) అని రాసి 1 లోపు ఉంటే అది నాన్ రియాక్టివే, అంటే నెగటివే. ఒకవేళ రియాక్టివ్ వచ్చినా ఒక్క టెస్ట్‌తో పాజిటివ్ అనరు, వేరే వేరే కిట్లతో మొత్తం మూడు టెస్టులు చేసి కన్ఫర్మ్ చేస్తారు.

ఈలోపు రోజూ ల్యాబ్‌కి పరిగెత్తకండి, కండోమ్ లేకుండా ఎవరితోనూ వద్దు, ఫ్రీగా టెస్ట్ అయిపోతుందని రక్తదానం మాత్రం అస్సలు చేయకండి, విండో పీరియడ్‌లో (వైరస్ ఉన్నా టెస్ట్‌కి దొరకని రోజుల్లో) ఉన్న రక్తం ఇంకొకరికి ఎక్కితే చాలా ప్రమాదం.

టెస్ట్‌కి వెళ్తే తెలిసినవాళ్ళు చూస్తారేమో అని కూడా రాశారు కదా, ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ (హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టింగ్ సెంటర్) ఉంటుంది, టెస్ట్ ఉచితం, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ వివరాలు బయటపెట్టకూడదు. మీ ఊళ్ళో ఇబ్బందైతే పక్క ఊరి ఐసీటీసీకి వెళ్ళినా చేస్తారు. అడ్రస్ కావాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.