కవలల స్కాన్ రిపోర్టు చూశాక, అమ్మాయికీ అల్లుడు గారికీ

అమ్మలూ, అల్లుడు గారూ,

మీరు పంపిన రిపోర్టు చూశాను. ఫోన్లో చెప్తే టెన్షన్లో సగం చెవికెక్కదని రాస్తున్నాను. కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని, డాక్టర్ని కాదు. నా మాటకీ మీ డాక్టరమ్మ మాటకీ తేడా వస్తే ఆవిడ మాటే వినండి.

'మోనోకోరియానిక్' అని రాశారు చూడండి, అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పిల్లలిద్దరికీ మాయ ఒకటే. ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. చాలామందికి దానివల్ల ఇబ్బందేమీ ఉండదు. ఇలాంటి కాన్పుల్లో నూటికి పది పదిహేనింట్లో మాత్రం ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డ వైపు ఎక్కువగా వెళ్లిపోతుంది. ఇచ్చే బిడ్డకి మూత్రం తగ్గి, చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది. పుచ్చుకునే బిడ్డకి నీరు పెరిగి, గుండె మీద భారం పడుతుంది. 20 వారాల లోపైతే, బాగా లోతుగా ఉన్న చోట నీరు ఒక సంచిలో 8 సెంటీమీటర్లు దాటి, రెండో దాంట్లో 2 కన్నా తగ్గితే అప్పుడు ఆ జబ్బని తేలుస్తారు. 19వ వారంలో మీకు వచ్చినవి 6, 3. తేడా ఉంది, జబ్బు ఇంకా లేదు. రెండు వారాలకోసారి చేసే స్కాన్‌ని వారానికి మార్చింది అందుకే. ఇది కొద్ది రోజుల్లోనే ముదిరిపోవచ్చు కాబట్టి ఆ స్కాన్ ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు.

అమ్మలూ, బిందె ఎత్తావనో, గ్రహణంలో బయటికెళ్లావనో ఎవరైనా అంటే పట్టించుకోకు. ఆ రక్తనాళాలు మొదటి నెలల్లో, మాయ ఏర్పడేటప్పుడే కలిసిపోయాయి. నువ్వు చేసిన పనీ లేదు, చేయకపోయిన పనీ లేదు. మంచం దిగకుండా పడుకుంటే తగ్గుతుందనేదీ నిజం కాదు. డాక్టరు వద్దనకపోతే ఇంట్లో నెమ్మదిగా తిరుగు. ఐరన్ మాత్ర మాత్రం మానకు.

స్కాన్ రోజు దాకా ఆగకూడనివి కొన్నున్నాయి. రెండు మూడు రోజుల్లోనే పొట్ట బాగా పెరిగి బిగుసుకుపోవడం, పడుకుంటే ఆయాసం, నడుం నొప్పి వచ్చి పోతుండడం, నీరు కారడం, రక్తం కనపడడం. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. కవలలు కాబట్టి బీపీ కూడా పెరగొచ్చు. ఒక మిషన్ కొని ఇంట్లో పెట్టుకోండి. 140/90 వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా అదే మాట.

ఇక పుట్టింటి సంగతి. ఏడో నెలలో అమలాపురం తీసుకొచ్చేస్తానని మా చెల్లి అప్పుడే గది సర్దుతోంది. వద్దు. కాన్పు హైదరాబాద్‌లోనే జరగాలి. ఇలాంటి కవలలకి అంతా బాగున్నా 36, 37 వారాలకే కాన్పు చేస్తారు, చాలామందికి ఇంకా ముందే నొప్పులొస్తాయి. నెలలు నిండని ఇద్దరు పిల్లల్ని ఒకేసారి చూడగల ఐసీయూ ఉన్న చోట నువ్వుండాలి. కాన్పు ముందుగా వచ్చేలా ఉంటే పిల్లల ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇంజెక్షన్లు ఇస్తారు, వాటికి ఒకటి రెండు రోజుల వ్యవధి కావాలి. దారిలో కారులో ఉంటే ఆ వ్యవధి దొరకదు. మీ అమ్మే అక్కడికి వస్తుంది, నేను మాట్లాడతాను. సీమంతం కూడా మీ హాల్లోనే, నలుగురితో. పట్టుచీర ఎక్కడికీ పోదు!

అల్లుడు గారూ, మీకు మూడు పనులు. ఈ వారంలోనే డాక్టరమ్మని అడగండి: నీటి తేడా పెరిగితే ఎక్కడికి పంపుతారు? లోపలికి సన్నటి గొట్టం పంపి, కలిసిన నాళాల్ని లేజర్‌తో మూసేసే చికిత్స ఉంది. మామూలుగా 16 నుంచి 26 వారాల మధ్య చేస్తారు. ఫీటల్ మెడిసిన్‌లో, అంటే కడుపులోని బిడ్డకి చేసే వైద్యంలో, దీనికే శిక్షణ పొందినవాళ్లు చేయాల్సింది ఇది. చేశాక కూడా ఇద్దరూ దక్కుతారని ఎవరూ హామీ ఇవ్వలేరు, అయినా అవసరమైనప్పుడు ఆలస్యం చేయడమే ఎక్కువ ప్రమాదం. పేరు, ఫోన్ నంబరు, ఖర్చు ఇప్పుడే తెలుసుకుంటే ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు. రెండోది, ఇన్సూరెన్స్‌లో కాన్పుతో పాటు పుట్టిన పిల్లల ఐసీయూ ఖర్చు కూడా వస్తుందేమో కాగితం మీద చూడండి, ఏజెంటు నోటి మాట చాలదు. మూడోది, ప్రతి స్కాన్‌కీ మీరు పక్కనుండండి. ఆఫీసు వాళ్లకి ఇవాళే చెప్పేయండి.

రాత్రిళ్లు యూట్యూబ్ చూడడం ఇద్దరూ మానండి. అనుమానమొస్తే కాగితం మీద రాసుకుని స్కాన్ రోజు అడగండి.

మంగళవారం రిపోర్టు అన్ని పేజీలూ వాట్సాప్‌లో పెట్టండి. పోయినసారి రెండో పేజీ రాలేదు, డాప్లర్ సంగతి, అంటే పిల్లల నాళాల్లో రక్తం ఎలా పారుతోందన్నది, అందులోనే ఉంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ