ముందు వేడి, తరవాతే పాలు

లావణ్యకి,

పొద్దున ఫోన్లో నువ్వు చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇంతే: సెల్లార్లో స్కూటర్ కింద పిల్లికూన ఒక్కటే అరుస్తోంది, తల్లి కనపడలేదు, పైకి తెచ్చేశావు, పాలు పడుతుంటే తాగటం లేదు. నోటితో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ పాలు పక్కన పెట్టు. ఒళ్ళు చల్లబడ్డ కూనకి పాలు అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. మూడు నాలుగు వారాల దాకా తన వేడి తను కాపాడుకోవటం దానికి చేతకాదు. నీ చిటికెన వేలు దాని నోట్లో పెట్టి చూడు. చల్లగా తగిలిందా, వేడెక్కేదాకా చుక్క కూడా పట్టొద్దు. అట్టపెట్టెలో పాత నూలు చీర మడతపెట్టి వెయ్యి. సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టి ఒక మూల పెట్టు. మరిగే నీళ్ళు వద్దు. పెట్టెలో సగం మేర వేడి లేకుండా వదిలెయ్యి, ఎక్కువనిపిస్తే అదే పక్కకి పాకుతుంది. సీసా చల్లారినప్పుడల్లా నీళ్ళు మార్చాలి. ఏసీ గదిలో పెట్టకు, హెయిర్ డ్రయ్యర్ జోలికి అసలు పోకు.

అది నిజంగా దిక్కులేనిదేనా అన్నది తరవాతి మాట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారే, అది ఉత్తి మాట కాదు. ఒక్కోదాన్నే నోట కరుచుకుని మోస్తుంది, ఆ మధ్యలో నువ్వు దిగి ఉండొచ్చు. కూన బొద్దుగా, శుభ్రంగా ఉంటే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు లెక్క. వేడెక్కాక పెట్టెతో సహా అక్కడే కుక్కలకి అందనిచోట పెట్టి, దూరం నుంచి కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండు. నువ్వు పక్కనే నిలబడితే తల్లి రాదు. మనిషి చెయ్యి తగిలితే వదిలేస్తుందన్న మాట మాత్రం నమ్మకు. ఎముకలు తేలి, మురికిగా, అరిచి అరిచి గొంతు పోయి ఉంటే ఎదురుచూడకు, నువ్వే సాకాలి.

కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయన్నావు. అంటే మొదటి రెండు వారాల్లోపుదే. ఆవుపాలు, ప్యాకెట్ పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. అంత చిన్న ప్రాణానికి ఒక్కరోజు విరేచనాలు చాలు. పెట్ షాపుల్లో పిల్లికూనల పాలపొడి దొరుకుతుంది, ఎవరినైనా పంపి తెప్పించు. డబ్బా మీద రాసిన కొలతలోనే కలుపు, చిక్కగా ఉంటే బలమనుకోకు.

పట్టే తీరు జాగ్రత్తగా విను. మనం పసిబిడ్డకి కాళ్ళమీద వేసుకుని ఉగ్గు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టకూడదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లానే ఉంచి, తల కాస్త ఎత్తి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా వెయ్యి. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపు. మొదటివారం రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా. అలారం పెట్టుకో, మీ ఆయన్ని కూడా లేపు. ఈ పని ఒక్కదానివల్ల కాదు.

తాగిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్ళల్లో దూది ముంచి, తోక కింద మెల్లిగా రాస్తూ ఉండాలి. తల్లి నాకితేనే వాటికి ఒంటికీ రెంటికీ వస్తుంది. మూడు వారాలు దాటేదాకా ఇది తప్పదు. మీ అత్తగారు ముక్కు మూసుకుంటే మూసుకోనీ.

వంటింటి త్రాసు ఉంది కదా, రోజూ ఒకే వేళకి తూచి కాగితం మీద రాసిపెట్టు. పుట్టినప్పుడు 100 గ్రాములకి అటూ ఇటూ ఉంటాయి, రోజుకి 10 గ్రాములైనా పెరగాలి. తూకం పెరగకపోయినా, తగ్గినా అదే రోజు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. చూడటానికి బాగానే ఉందని ఆగొద్దు. నలతగా ఉందని పారాసిటమాల్ చుక్క కూడా వెయ్యకు, పిల్లులకి అది విషం. ఒంటిమీద గెంతే నల్ల పురుగులుంటే పేలదువ్వెనతో దువ్వు. ఆ పురుగులకని కుక్కలకి వాడే మందు మాత్రం వెయ్యకు, అందులో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉండొచ్చు, అది పిల్లిని చంపేస్తుంది.

గీరినా కరిచినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ ఇంజెక్షన్ గురించి అడుగు. చిన్న కూనేగా అని ఊరుకోకు.

నాలుగో వారం నుంచి మెత్తటి తిండి, ఇసుక ట్రే మొదలుపెట్టొచ్చు. నులిపురుగుల మందు, టీకాలు డాక్టరే చెబుతాడు. ఎలకల కోసం వాచ్‌మన్ అడుగుతున్నాడన్నావు. ఎనిమిది వారాలు నిండేదాకా ఇవ్వకు. ఆడదైతే ఆపరేషన్ సంగతి ముందే మాట్లాడుకుని ఇవ్వు, నాలుగైదు నెలలకే చూలు నిలుస్తుంది.

పాలపొడి దొరకగానే ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ