నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్లాలంటే 10 రోజుల సెలవు సరిపోతుందా?

సరిపోదు. నడక మొదలయ్యే లుక్లా ఎయిర్‌పోర్టులో దిగిన రోజు నుంచి మళ్లీ అక్కడ విమానం ఎక్కేదాకానే 12 రోజులు కావాలి. హైదరాబాద్ నుంచి కాఠ్మాండూ రానూపోనూ రోజులు, లుక్లా విమానం రద్దయితే అక్కరకొచ్చే రెండు రోజులు కలిపి 16 పెట్టుకోండి. అంతకంటే తక్కువలో తిప్పి తెస్తామనే ప్యాకేజీల్లో కోత పడేది దారిలో వచ్చే నామ్చే, డింగ్‌బోచే ఊళ్లలోని విశ్రాంతి రోజుల మీదే. మిగిలిన డబ్బు వాళ్లకి, తలనొప్పి మీకు.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మొదటి రాత్రి ఫాక్‌డింగ్ 2,610, మర్నాడు నామ్చే 3,440. ఒక్క రోజులో 830 మీటర్లు! అందుకే నామ్చేలో రెండో రాత్రి తప్పదు. ఆ రోజు దుప్పటి కప్పుకుని పడుకోవడం కాదు, 3,880 మీటర్ల దగ్గరున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి, కిందికొచ్చి పడుకోవాలి. డింగ్‌బోచే (4,410) దగ్గరా ఇదే పద్ధతి. ఆ తర్వాత లొబుచే 4,940, గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదాంట్లో దాదాపు సగం.

సెలవు సంగతి అలా ఉంచండి. నేను భయపడేది మీ నలుగురి స్నేహానికి. ఆ స్నేహం ఏపాటిదో నామ్చేకి ఎక్కేటప్పుడే బయటపడుతుంది. దూధ్‌కోసి నది మీద ఎత్తున వేలాడే హిల్లరీ వంతెన దాటాక రెండు మూడు గంటలు ఒకటే ఎక్కడం. జిమ్‌కెళ్లేవాడు అక్కడే ముందుకి ఉరుకుతాడు. ఏ మలుపులోనో బండ మీద కూర్చుని నీళ్లు తాగి, ఫొటోలు దిగి, వెనకవాడు రొప్పుతూ వచ్చి చేరగానే ‘పద పద’ అని లేస్తాడు. అంటే విశ్రాంతి ఎవరికి కావాలో వాడికే దొరకదు. తమాషా ఏంటంటే సాయంత్రానికి తల పట్టుకునేది చాలాసార్లు ఆ ఉరికినవాడే. కండబలానికీ, ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బుకీ సంబంధం లేదు. కాబట్టి అందరికంటే నెమ్మదిగా నడిచేవాడే ముందుండాలి. మాట్లాడుతూ నడవగలిగితే సరైన వేగం, మాట మధ్యలో తెగితే తగ్గించాలి. జడల బర్రెలు, కంచర గాడిదలు ఎదురొస్తే కొండవైపు ఒదిగి నిలబడండి, లోయవైపు ఎప్పుడూ వద్దు. అవి వంతెన మీదుంటే మీరు వంతెన ఎక్కకండి.

సాయంత్రం బస చేసే టీ హౌస్‌లో పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు ఒకర్నొకరు అడగాల్సినవి నాలుగే: తలనొప్పి ఉందా, అన్నం సయించిందా, కళ్లు తిరుగుతున్నాయా, నీరసంగా ఉందా. తలనొప్పితో పాటు మిగతావాటిలో ఒక్కటున్నా అది ఎత్తు జబ్బే అనుకోండి, మర్నాడు పైకి వద్దు. పరువు పోతుందని ‘బాగానే ఉందిరా’ అనేవాడితోనే ప్రమాదం. అనుమానమొస్తే మడమకి బొటనవేలు తగిలేలా తిన్నని గీత మీద నడిపించండి. తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించాలి. లొబుచే నుంచైతే ఫెరిచే (4,371). సీజన్లో అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ తెరిచి ఉంటుంది. దిగేవాడిని ఒంటరిగా పంపకూడదు కాబట్టి నలుగురికి గైడ్‌తో పాటు ఒక అసిస్టెంట్ గైడ్ కూడా ఉండాలి. పోర్టర్లకి అయ్యే ఖర్చుకి గీచిగీచి బేరాలాడి, జాకెట్‌కి వేలు పోసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆక్సిమీటర్ పెట్టుకుని ‘నాది 84, నీది 79’ అని పందేలు వేసుకోవద్దు. వేళ్లు చల్లబడితే అది చెప్పేదంతా తప్పే. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డైమాక్స్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందురోజు నుంచి. మన దగ్గర 250 మాత్ర దొరుకుతుంది కాబట్టి సగానికి విరవాలి. వేళ్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువవుతుంది, కంగారొద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

‘మలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనమెంత’ అనే మాట ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వస్తుంది. 2014 మేలో ఆ అమ్మాయి ఎక్కింది టిబెట్ వైపు నుంచి, అసలు ఈ దారే కాదు. పైగా భువనగిరి కొండ నుంచి డార్జిలింగ్ దాకా శిక్షణ తీసుకుని వెళ్లింది. మీరు కనీసం మూడు నెలలు 6 కిలోల బ్యాగుతో మెట్లెక్కండి. దిగడం కూడా లిఫ్ట్‌లో కాదు, మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే.

ఇంకొకటి, బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు. అది చూడాలంటే మర్నాడు తెల్లవారుజామున కాలాపత్థర్ ఎక్కాలి. నామ్చే దాటాక మాంసం జోలికెళ్లకండి, కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చిందే వండుతారు. దాల్ భాత్ అయితే మళ్లీ మళ్లీ వడ్డిస్తారు.

లుక్లా విమానంలో సామాను మనిషికి 15 కిలోలే. రద్దీ సీజన్లో ఆ విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి కాక రామేఛాప్ నుంచి ఎగురుతాయి, అంటే అర్ధరాత్రి దాటాక నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం. నేపాల్‌కి విమానంలో వెళ్లడానికి ఆధార్ చెల్లదు, పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. నలుగురిలో ఎవరికైనా ఆ రెండూ లేకపోతే టికెట్లకంటే ముందు ఆ పని చూడండి.