లెహంగానా, గౌనా అని నన్ను అడగకండి

ఉత్తరం సారాంశం: "డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి పదిహేడేళ్లు, పన్నెండో గ్రేడు. మే రెండో వారంలో ప్రామ్, అంటే స్కూలు చదువు ముగించే పిల్లలకి పెట్టే డాన్సు పార్టీ. ఆకుపచ్చ శాటిన్ గౌను ఎంచుకుంది. భుజాలు లేవు, వీపు సగం దాకా తెరిచే ఉంది, పక్కన తొడ దాకా చీలిక. 260 డాలర్లు. మావారు ఫోటో ఒక్కసారి చూసి 'నీ కూతురికి నువ్వే చెప్పుకో' అని లేచి వెళ్లిపోయారు. ఆరు నెలలకని వచ్చిన అత్తగారు రోజూ నన్నే అంటున్నారు. మా చెల్లెలితో ఇండియాలో మంచి లెహంగా కుట్టించి తెప్పిస్తానన్నాను. అప్పటినుంచి పిల్ల నాతో మాట్లాడదు. నాకు డ్రెస్సు చూపిస్తూ చూపిస్తూ, నాన్న అడుగుల చప్పుడు వినగానే ఫోన్ బోర్లించేసింది. లెహంగాకి దాన్ని ఎలా ఒప్పించాలి?"

ఒప్పించకండి. మీరడిగిన దానికి జవాబు అంతే.

ఇక అడగని దాని గురించి. మీ ఉత్తరంలో లెహంగా ఒక పేజీ, అత్తగారు ఒక పేజీ. మీవారు రెండంటే రెండు వాక్యాలు. గొడవంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉందమ్మా. ర్యాంకు వచ్చిన రోజు "నా కూతురు", గౌను అడిగిన రోజు "నీ కూతురు". ఆయనకి ఇష్టం లేదు. ఆ ఇష్టం లేకపోవడాన్ని మీ చేత చెప్పిస్తున్నారు. పిల్ల కోపం మీ ఖాతాలో పడుతోంది, అత్తగారి మాటలూ మీ ఖాతాలోనే. ఆయన మాత్రం ఇద్దరికీ మంచివాడు. మీరు ఆ ఇంట్లో అమ్మా, పోస్టుమానా?

ఫోన్ బోర్లించిందన్నారే, నన్ను కలవరపెట్టింది అది. గౌను కాదు. ప్రామ్ రాత్రి పదకొండుకో పన్నెండుకో అయిపోతుంది. ఆ తరవాత ఎవరో ఒకరింట్లో ఆఫ్టర్ పార్టీ. కారు నడపాల్సిన కుర్రాడు తాగాడని ఒంటిగంటకి అమ్మాయికి అర్థమైందనుకోండి. అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తుంది? పగటిపూట, సొంత ఇంట్లో, ఒక బట్ట ఫోటో నాన్నకి చూపించలేని పిల్ల, అర్ధరాత్రి ఆయనకి ఫోన్ చేసి "నాన్నా, వచ్చి తీసుకెళ్లు" అనగలదా? మీవారికి ఈ ప్రశ్న ఒక్కటి చదివి వినిపించండి. అది ఆఖరిసారి మీరు మోసే కబురు.

ఆయన చేయాల్సిన పని పెద్దదేం కాదు. అమ్మాయి పక్కన కూర్చుని మూడు విషయాలు తన నోటితో చెప్పాలి. ఎంత ఖర్చు పెట్టగలడో అంకె. తనకి దేనికి ఇబ్బందిగా ఉందో ఒక్కటి. వీపా, చీలికా? "మన ఇంటా వంటా లేదు" లాంటివి లెక్కలోకి రావు. తను భయపడేదేదో అది. మూడోది, తిరిగొచ్చే దారి: ఏ టైముకైనా ఫోన్ చేస్తే వస్తాననీ, ఆ రాత్రి ప్రశ్నలు వేయననీ. తరవాత ఇద్దరూ కలిసి స్కూలు వాళ్ల ప్రామ్ డ్రెస్ కోడ్ చదవాలి. చాలా స్కూళ్లు రాసి ఇస్తాయి: వీపు ఎక్కడిదాకా, చీలిక ఎక్కడిదాకా, నడుము దగ్గర గుడ్డ లేకుండా ఖాళీ వదిలే కటౌట్లు ఉండొచ్చా లేదా. కొన్ని ముందే ఫోటో చూపించి అనుమతి తీసుకోమంటాయి. గుమ్మం దగ్గర ఆపేసే స్కూళ్లూ ఉన్నాయి. మీరు పది రోజులుగా పడుతున్న గొడవలో సగం ఆ కాగితం మీదే తేలిపోతుంది. పైగా కాదన్నది నాన్న కాదు, స్కూలు.

ఆ తరవాత గౌను దగ్గరికి రండి. "వద్దు", "కావాలి" తప్ప మూడో మాట లేదన్నట్టు ఉంది మీ ఇల్లు. కుట్టుపని తెలిసినవాళ్ల దగ్గర మూడోదీ నాలుగోదీ కూడా ఉంటాయి. చీలిక కింది నుంచి మొదలై పైకి పోతుంది కాబట్టి పై కొసన నాలుగైదు అంగుళాలు లోపలి వైపు నుంచి మూసి కుట్టడం చాలా తేలిక పని. నడవడానికి మోకాలు దాకా తెరిచి ఉంటే చాలు. భుజాలకి స్ట్రాప్స్ వేయించొచ్చు. దానికి గుడ్డ ఎక్కడిదంటారా, గౌను పొడవు తగ్గించినప్పుడు కింద కత్తిరించిన ముక్కే. అదే రంగు, అదే మెరుపు. "ఆ ముక్క పారేయకండి" అని కత్తిరించకముందే చెప్పాలి, చెప్పకపోతే చెత్తబుట్టలోకి పోతుంది. ముక్క వెడల్పుగా వస్తే వీపు దగ్గర ఒక పట్టీ వేసి, దాని మీద తాళ్లు అల్లించొచ్చు. ముందు మెడని పైకి లేపడం మాత్రం కష్టమైన పని, అక్కడ గుడ్డ లేదు. అందుకే మెడ విషయం కొనేముందే తేల్చుకోవాలి.

భుజాల్లేని గౌను జారుతుందని మీ భయం. జారేది భుజాలు లేక కాదు, నడుము దగ్గర పట్టు లేక. మంచి గౌనులో పై భాగం లోపల నిలువుగా గట్టి పట్టీలు, బోనింగ్ అంటారు, కుట్టి ఉంటాయి. అవి నడుము మీద ఆనుకుని పైభాగాన్ని నిలబెడతాయి. నడుము వదులుగా ఉంటే ఆనడానికి చోటుండదు, రాత్రంతా పిల్ల రెండు చేతులతో పైకి లాక్కుంటూనే ఉంటుంది. విరుగుడు ఉంది: లోపల నడుము చుట్టూ గట్టి రిబ్బన్ ఒకటి కుట్టించి, జిప్ వేసే ముందు దాన్ని హుక్కుతో బిగించడం. బరువంతా ఆ రిబ్బన్ మోస్తుంది. ఆల్టరేషన్ షాపులో పది మాటలు చెప్పక్కర్లేదు, ఇదొక్కటి అడగమనండి.

సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఫార్మల్ గౌన్ల సైజులు రోజువారీ బట్టలకంటే చిన్నగా నడుస్తాయి. జీన్స్ మీది అంకె చూసి ఆర్డర్ చేస్తే జిప్ సగంలో ఆగుతుంది. ఛాతీ, నడుము, తుంటి మూడూ టేపుతో కొలిచి, ఆ కంపెనీ సొంత చార్టులో చూసి, మూడింటిలో ఏది పెద్ద సైజు చూపిస్తే అదే తీసుకోవాలి. గౌనుని బిగించడం సులువు. వదులు చేయడం కష్టం, ఎందుకంటే లోపల మార్జిన్ వేలెడు కూడా వదలరు. మన జాకెట్లలో అటూ ఇటూ అంగుళం వదిలి కుడతారు చూడండి, అలా అనుకుని కొంటే ఇబ్బందే. పైగా శాటిన్‌లో పాత కుట్టు విప్పితే సూది రంధ్రాలు వరసగా కనపడతాయి. నీటి చుక్క పడ్డా మరకే. ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనిస్తే మెరుపు చచ్చిపోతుంది. తిరగేసి ఆవిరి పట్టాలి.

కొనేది చేత్తో పట్టుకు చూడగలిగే షాపులోనైతే మేలు. ఇంటర్నెట్‌లో సగం ధరకే కనపడే గౌన్లలో చాలావాటి ఫోటో ఒకరిది, వచ్చే సరుకు ఇంకొకరిది. తిరిగి తీసుకోరు. షాపులో కొన్నా రిటర్న్ షరతు రసీదు వెనక చదువుకోవాలి, ఇలాంటి గౌన్లకి "ఫైనల్ సేల్" అని రాసి ఉండటం మామూలే. కొన్నిటికి బయట కొట్టొచ్చేలా ట్యాగు ఉంటుంది, అది తెంపితే వాపసు లేదు. మీరు రాసిన 260 డాలర్లలో ఆల్టరేషన్ లేదని గుర్తుంచుకోండి. లైనింగుతో కలిపి రెండు మూడు పొరలున్న గౌనుకి కింది అంచు ఒక్కటే కుట్టినా ప్రతి పొరకీ పని ఉంటుంది. అమ్మాయికి ఆయన చెప్పే అంకెలో అదీ కలిపి చెప్పాలి.

ఇప్పుడు మార్చి మొదటి వారం. తొమ్మిది వారాలున్నాయి. కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకునే గౌన్లకి మూడు నాలుగు నెలలు పడుతుంది, ఆ ఆశ వదిలేసి రాక్ మీద ఉన్నదే తీసుకోవాలి. నెలాఖరుకల్లా గౌను ఇంట్లో ఉండాలి. ఏప్రిల్ మొదట్లో మొదటి ఫిట్టింగ్, ప్రామ్‌కి వారం పది రోజుల ముందు చివరిది. ఏప్రిల్ సగమయ్యేసరికి ఆల్టరేషన్ షాపులన్నీ ప్రామ్ పిల్లలతో, పెళ్లి గౌన్లతో నిండిపోతాయి. ఆలస్యమైతే అర్జెంటు పేరు చెప్పి అదనంగా గుంజుతారు.

మీ లెహంగా సంగతీ ఇక్కడే తేలిపోతుంది. పిల్ల ఒంటి మీద ఒక్కసారి కూడా వేసి చూడకుండా, ఫోన్‌లో చెప్పిన కొలతలకి కుట్టించి, కొరియర్‌లో తెప్పించి, చంక దగ్గర పట్టేస్తే అప్పుడు ఎవరి మీద పడతారు? చెల్లెలి మీదా? జరీ, రాళ్లు, క్యాన్‌క్యాన్ అన్నీ కలిసి కిలోల బరువు. ఆ బరువుతో గంటసేపు గెంతితే నాడా జారుతుంది, మోచేతి లోపల జరీ గీరి ఎర్రబడుతుంది, దుపట్టా ఎవరో ఒకరు తొక్కుతారు, పిన్ను పెట్టిన చోట చిరుగుతుంది. అయినా ప్రామ్‌కి లెహంగా వేసుకుని వెళ్లే మన పిల్లలున్నారు, ముచ్చటగానూ ఉంటారు. వాళ్లు తామే అడిగి వేసుకున్నారు. మీ అమ్మాయి అడగలేదు. గౌనుకి శిక్షగా కట్టబెట్టిన లెహంగాని పిల్ల జన్మలో మళ్లీ ముట్టుకోదు, రేపు పెళ్లిలో కూడా.

అత్తగారా? ఆవిడకి జవాబు చెప్పాల్సింది ఆవిడ కొడుకు. ఫోటోలు కుటుంబం గ్రూపులో పెట్టే ముందు మాత్రం అమ్మాయిని అడగండి. వద్దంటే ఎంత ముచ్చటగా ఉన్నా పెట్టకండి.

మీకు మిగిలే పని ఒకటుంది. గౌను ఇంటికొచ్చాక తలుపేసుకుని మీరిద్దరే పరీక్ష పెట్టండి. చేతులు రెండూ పైకెత్తమనండి. కుర్చీలో కూర్చుని లేవమనండి. వంగి నేల మీద ఫోన్ తీయమనండి. కారు ఎక్కి సీటు బెల్టు పెట్టుకోమనండి. పది గెంతులు గెంతమనండి. ఎక్కడ జారిందో, ఎక్కడ గుచ్చిందో, చీలిక కూర్చున్నప్పుడు ఎక్కడిదాకా పోయిందో పిల్లే చెబుతుంది. "వద్దు" అనే మాట మీరు ఒక్కసారి కూడా అనక్కర్లేదు, అద్దం ముందు నాలుగైదు అంగుళాలు మూయించుకుందామని తనే అనొచ్చు. అనకపోతే స్కూలు కాగితం ఉంది, నాన్న చెప్పిన ఆ ఒక్క మాట ఉంది. లోదుస్తులు కూడా అప్పుడే తేల్చండి. తెరిచిన వీపుకి మామూలువి పనికిరావు, చాలా షాపుల్లో గౌను లోపలే కప్పులు కుట్టిస్తారు. అంటించుకునే టేపు వాడితే ఆ రోజు ఒంటికి లోషన్ రాయొద్దు, నిలవదు.

ఫిట్టింగ్‌కి మీరు వెళ్లకండి. కారు తీసేది, షాపులో కూర్చునేది, డబ్బు కట్టేది ఆయనే. పిల్ల ట్రయల్ రూమ్ లోంచి బయటికొచ్చినప్పుడు ఫోన్ లోంచి తలెత్తి చూడాలి, అంతే. ఎలా ఉందని అడిగితే "బాగుంది" కాక ఇంకో మాట కూడా చెప్పడం నేర్చుకోవాలి. ప్రామ్ రోజు వేసుకునే చెప్పులే తీసుకెళ్లాలి. కింది అంచు వాటి మీద నిలబెట్టే గుర్తు పెడతారు, నేలకి అర అంగుళం పైకి. మడమ ఎత్తు తరవాత మారితే గౌను కాళ్లకి చుట్టుకుంటుంది, లేదా చీలమండలు కనపడుతూ పొట్టిగా తేలుతుంది. చెప్పులు మర్చిపోతే అపాయింట్‌మెంట్ వృథా, మళ్లీ వారం ఆగాలి. వాటిని కారులో పెట్టారా లేదా అని మీరు గుమ్మం దగ్గర నిలబడి గుర్తు చేయబోతారు. చేయకండి. ఆయన్నే గుర్తు పెట్టుకోనివ్వండి.