జర్మనీలో ఎంఎస్: నెలకు 992 యూరోలు సరిపోతాయా?

వచ్చే అక్టోబరులో మాగ్డెబర్గ్‌లో ఎంఎస్‌కి చేరుతున్నానని, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చు ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) 11,904 యూరోలు వేశానని, నెలనెలా వచ్చే 992తో గడుస్తుందా లేక ఇంటి నుంచి మళ్ళీ అడగాల్సి వస్తుందా అని రాశారు. నేను 2023 అక్టోబరులో ఇదే ఊరికి వచ్చాను. అప్పట్లో నెలకు 934 వచ్చేవి. గడుస్తుంది. కానీ మొదటి రెండు నెలలు మాత్రం ఆ డబ్బు మీద ఆధారపడొద్దు. నాకు కష్టమైంది అక్కడే. అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాను.

బ్లాక్డ్ అకౌంట్ డబ్బు విమానం దిగగానే చేతికి రాదు. ముందు గది దొరకాలి. ఆ అడ్రసుతో సిటీ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి, దాన్నే ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. తర్వాత బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ ఖాతా నంబరు, కాగితాలు పంపాకే నెలసరి డబ్బు మొదలవుతుంది. నాకు దీనికంతటికీ ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లోనే గది డిపాజిట్, మొదటి నెల అద్దె, పరుపు, చలికోటు అన్నీ వచ్చిపడ్డాయి. డిపాజిట్ 690 యూరోలు ఒకేసారి కట్టేశాను. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు తప్పకుండా అడగండి. కరెంటు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్ల కంటే ఎక్కువ డిపాజిట్ అడగకూడదు కూడా.

ఆ నెలాఖరుకి నా దగ్గర 140 యూరోలు మిగిలాయి. నాన్నకు ఫోన్ చేస్తే ఆయన తెలిసినవాళ్ళ దగ్గర వడ్డీకి తెచ్చి పంపారు. నా చదువు లోన్ మీద నెలనెలా వడ్డీ కడుతూ, దాని మీద ఇంకో అప్పు. ఆ ఫోన్ చేసిన రోజు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పుడు యూరో 88 రూపాయల దగ్గర ఉంది, తర్వాత 100 దాటింది. అంటే ఇక్కడి నుంచి అడిగే ప్రతి యూరో అక్కడ ఇంకా బరువవుతుంది. కాబట్టి బ్లాక్డ్ అకౌంట్ కాకుండా 1,500 నుంచి 2,000 యూరోలు విడిగా తెచ్చుకోండి. లోన్ అడిగేటప్పుడే ఈ మొత్తం కూడా కలిపి అడగండి.

ఇక నెల ఖర్చు. 992లో ముందు హెల్త్ ఇన్సూరెన్స్‌కి 140 నుంచి 150 పోతాయి. ఇది తప్పించుకునేది కాదు. మీకు 30 ఏళ్ళు దాటితే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో ఈ స్టూడెంట్ రేటు వర్తించదు, ఉద్యోగం చేసి వచ్చేవాళ్ళు ముందే చూసుకోవాలి. అద్దె విషయంలో ప్రకటనలో కనిపించే అంకెను నమ్మకండి. కాల్ట్ అంటే ఒట్టి గది అద్దె, వార్మ్ అంటే హీటింగ్ వగైరా కలిపి. నా గది కాల్ట్ 230, వార్మ్ 300. ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉన్నాం. రేడియో, టీవీ ఫీజు అని నెలకు 18.36 యూరోలు కట్టాలి, ఇంట్లో టీవీ లేకపోయినా సరే. ఇది మనిషికి కాదు, ఇంటికి ఒకటే. మేం ముగ్గురం తలా 6.12 పంచుకున్నాం. దాని ఉత్తరం జర్మన్‌లో వస్తుంది, అర్థం కాలేదని పక్కన పెడితే బాకీ పేరుకుపోతుంది.

సెమెస్టర్ ఫీజు ఆరు నెలలకోసారి ఒకేసారి వస్తుంది కాబట్టి నెలకు కొంత పక్కన పెట్టండి. తిండి, ఫోన్, ఇన్సూరెన్స్, అద్దె అన్నీ కలిపి ఈ ఊళ్ళో 650 నుంచి 700లో సర్దుకోవచ్చు. మ్యూనిక్‌లో అయితే ఒక్క గదికే అంత అడుగుతారు. స్టుట్‌గార్ట్ కూడా చూస్తున్నానన్నారు. ఆ రాష్ట్రంలో మనలాంటివాళ్ళ దగ్గర సెమెస్టర్‌కి 1,500 యూరోల ఫీజు తీసుకుంటారు, అది ఈ 992లో లేదు.

తిండికి నాకు నెలకు 170 దాకా అయ్యేది. ఇండియన్ షాపులో సోనా మసూరి, కందిపప్పు కొంటే ఖర్చు పెరుగుతుంది. టర్కీవాళ్ళ షాపులో ఎర్ర పప్పు, శనగలు చవక. పప్పుచారుకి ఎర్ర పప్పు బాగానే ఉంటుంది. పాలు, పెరుగు, గుడ్లు ఆల్డి, లిడిల్ లాంటి చవక సూపర్‌మార్కెట్లలో తీసుకోండి. ఆదివారం షాపులు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. లేకపోతే ఆదివారం బయట తిని 12 యూరోలు వదిలించుకోవాలి. కుక్కర్, ఆవకాయ, కారప్పొడులు తెచ్చుకోండి. చికెన్ పచ్చడి, నెయ్యి మాత్రం అమ్మ ఎంత చెప్పినా పెట్టుకోవద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడం నిషేధం.

పార్ట్‌టైమ్ డబ్బును మొదటి ఆరు నెలల లెక్కలో అసలు వేయొద్దు. నాకు ఏడో నెలలో దొరికింది, అదీ కొంచెం జర్మన్ వచ్చాకే. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయడానికి అనుమతి ఉంది. దొరికాక ఆ డబ్బును ఖర్చు పెంచుకోవడానికి వాడకండి. ఎందుకంటే వీసా పొడిగించేటప్పుడు తర్వాతి ఏడాదికి డబ్బు ఉందని మళ్ళీ చూపించాలి. బ్లాక్డ్ అకౌంట్ ఒక్కసారి వేస్తే అయిపోతుందని ఇంట్లో అనుకుంటారు. ఈ సంగతి అమ్మానాన్నలకు ఇప్పుడే చెప్పండి, రెండో ఏడాది ఫోన్‌లో కాదు.

గది ఖాయమయ్యాక అద్దె, డిపాజిట్ ఎంతో ఇక్కడే రాయండి. మొదటి మూడు నెలల లెక్క కూర్చుని వేసి పెడతాను.