పాఠకుల ప్రశ్నలు: మైక్రోఫైనాన్స్ ఫెలోషిప్‌కు బయల్దేరేముందు

ప్రశ్న: ఎంకాం పూర్తయింది. కెన్యాలో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థలో (పేదలకు చిన్న అప్పులిచ్చేది) వాలంటీర్ ఫెలోషిప్‌కు ఎంపికయ్యాను. అప్పు తీసుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి వివరాలు సరిచూడాలట. ఈలోపు ఏం నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు డ్వాక్రా సంఘాల సమావేశాలకు వెళ్లండి. చంద్రగిరి, రేణిగుంట వైపు పల్లెల్లోనైతే వీవోఏని (గ్రామ సంఘ సహాయకురాలిని), తిరుపతి పట్టణంలోనైతే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ని అడిగి, సభ్యుల అనుమతితో కూర్చోండి. ఒకే సభ్యురాలి అప్పును తీర్మానాల పుస్తకంలో, లెడ్జర్లో, ఆమె పాస్‌బుక్‌లో చూడండి. మూడు అంకెలూ కలవకపోతే తేడా ఎక్కడ మొదలైందో పట్టుకోండి. అక్కడ మీరు రోజూ చేయబోయేది ఇదే.

మన సంఘాలకూ బయటి సంస్థలకూ ఉన్న తేడా కూడా గమనించండి. మన సంఘంలో పొదుపు ముందు, అప్పు తర్వాత. బయట చాలా సంస్థలు పొదుపు చరిత్ర చూడకుండానే, గుంపు పూచీ మీద ఒక్కొక్కరికీ విడిగా అప్పిస్తాయి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. అందుకే గుంపు మధ్యలో ‘కంతు కట్టడం కష్టంగా ఉందా?’ అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. సమావేశం ముగిశాక, ఆమె కొట్టు దగ్గరో ఇంటి దగ్గరో విడిగా మాట్లాడండి.

తర్వాత వడ్డీ లెక్క. 10,000 అప్పు, 12 నెలలు, 24 శాతం ఫ్లాట్ వడ్డీ అనుకోండి. మొత్తం వడ్డీ 2,400, నెలకు కంతు 1,033. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం పూర్తి 10,000 మీదే పడుతోంది. తగ్గే నిల్వ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 42 శాతం. ఎక్సెల్‌లో రేట్ ఫార్ములాతో చేసి చూడండి. కంతును మైనస్ గుర్తుతో ఇవ్వాలి, వచ్చేది నెల రేటు కాబట్టి 12తో హెచ్చించాలి. ఇది చేతకాకుండా ఫీల్డుకు వెళ్లవద్దు.

ఇళ్లకు వెళ్లినప్పుడు ‘మీరు 30,000 తీసుకున్నారు కదా?’ అని అడగకండి. అవునంటారు, అంతే. ‘చేతికి ఎంత వచ్చింది?’ అని అడగండి. కాగితం మీద 30,000 షిల్లింగులుంటే, ఫీజు 900, బీమా 300, తప్పనిసరి పొదుపు 3,000 పోను చేతికొచ్చేది 25,800 కావచ్చు. కంతులు మాత్రం 30,000కే. ఆ డబ్బుతో కొన్న సరుకో మేకో కుట్టు మిషనో చూపించమనండి. చూపించలేక తడబడితే బినామీ అప్పేమోనని అనుమానించాలి, అంటే పేరు ఆమెది, డబ్బు గుంపు నాయకురాలిది. అలాగని వెంటనే నిర్ధారణకు రాకూడదు. పిల్లల ఫీజుకో ఆస్పత్రికో ఖర్చయి ఉండొచ్చు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఎవరి ఇంటికి వెళ్లాలో లోన్ ఆఫీసర్ ఎంచితే మంచి ఇళ్లే చూపిస్తారు. జాబితాలోంచి లాటరీ పద్ధతిలో పేర్లు మీరే తీయండి. వీలైతే అప్పిచ్చిన ఆఫీసర్ కాకుండా వేరే మనిషిని దుబాసీగా తీసుకెళ్లండి.

ఇతర అప్పుల సంగతి తప్పక అడగండి. మన రాష్ట్రంలో ఒకే మహిళకు పలు సంస్థలు పోటీపడి అప్పులిచ్చి, వారం వారం వసూళ్లతో ఒత్తిడి పెంచడం వల్లే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తర్వాత వసూళ్లు కుప్పకూలాయి. సంస్థ చూపించే ‘30 రోజులు దాటిన బకాయి’ శాతాన్నీ నమ్మేసి ఊరుకోకండి. ఒక్క కంతు 30 రోజులు దాటినా మిగిలిన అసలంతా ఆ లెక్కలోకి రావాలి. పాత అప్పును తిరగరాసి కొత్తదిగా చూపిస్తే ఆ శాతం అందంగా తగ్గిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి పనికే యుగాండా వెళ్తున్నాడు. జీతం లేదు కదా, టూరిస్టు వీసా చాలా? టీకాలేమైనా కావాలా?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: జీతం లేకపోయినా అది పనే. టూరిస్టు వీసా మీద వెళ్తే తనిఖీలో చిక్కు. ఏ అనుమతి కావాలో, ఎవరు దరఖాస్తు చేస్తారో అక్కడి సంస్థ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. పోలీస్ క్లియరెన్స్ అడిగితే పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో దరఖాస్తు చేసి, తిరుపతి కేంద్రంలో స్లాట్ తీసుకోవచ్చు.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. మీకు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అందుబాటు; ముందే రోజులూ వేళలూ కనుక్కోండి. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. ప్రయాణానికి వారం ముందు గుర్తొస్తే టికెట్ మార్చుకోవాల్సిందే. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ముందు దాన్ని రెన్యూ చేయించండి, సర్టిఫికెట్ మీద పడేది ఆ నంబరే. గుడ్డు పడకపోతే డాక్టరుకు ముందే చెప్పాలి. మలేరియా మాత్రలూ అడగండి. తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాల్సి రావచ్చు.

ఊళ్లకు మోటార్‌సైకిల్ టాక్సీల మీదే తిరగాలి. కొన్ని ప్రయాణ బీమాలు టూవీలర్ ప్రమాదాలకు డబ్బివ్వవు, పాలసీ షరతులు చదవండి. హెల్మెట్ ఇక్కడినుంచే పంపండి. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే అడగండి. పాతవీ, చిరిగినవీ అక్కడ చాలాచోట్ల తీసుకోరు.

ప్రశ్న: కివా లాంటి వెబ్‌సైట్ల ద్వారా పేదలకు 25 డాలర్లు వడ్డీ లేకుండా అప్పుగా ఇవ్వొచ్చంటారు. మరి పేదల దగ్గర వడ్డీ ఎందుకు?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన కివాలో డబ్బు పెట్టినవారికి వడ్డీ రాదు, నిజమే. అయితే ఆ డబ్బును పంచే స్థానిక సంస్థల్లో చాలావరకు సిబ్బంది జీతాలు, ఊళ్లు తిరిగే ఖర్చు, రాని బాకీల నష్టం కోసం వడ్డీ వేస్తాయి. అప్పు తీసుకునే మహిళ ఫొటో సైట్లోకి ఎక్కేసరికే అప్పు ఆమె చేతికి అంది ఉండటం కూడా మామూలే. ఫెలోగా వెళ్తే ఈ రెండూ దాచకుండా చెప్పాలి. ఫొటో తీసే ముందు అది ఎక్కడ కనిపిస్తుందో ఆమె భాషలో వివరించి ఒప్పుకోలు తీసుకోండి. గుర్తింపు కార్డు, పాస్‌బుక్ ఫొటోలో పడకూడదు. ‘వచ్చేసారి ఎక్కువ అప్పు ఇప్పిస్తాం’ అనే మాట మాత్రం పొరపాటున కూడా అనవద్దు.